ఖాతా పోయింది, పాల బిల్లు ఆగలేదు: నల్లగొండ నుంచి ఒక కేస్ స్టడీ

మర్రిగూడ మండలంలో పాల కేంద్రం నడిపే అక్క పొద్దున ఆరున్నరకే ఫోన్ చేసింది. "తమ్మీ, ఒకటో తారీఖు నుంచి కొత్త రేటన్నరు. ఫోన్ల ఇంక పాతదే కొడ్తుంది. రైతులు నన్ను గుచ్చిగుచ్చి అడుగుతున్రు" అంది. "అప్‌డేట్ పంపిన అక్కా, రేపటిలోపు వస్తది" అన్నాను. అది రాలేదు. ఆ సాయంత్రం యాప్ స్టోర్ నుంచి మెయిల్ వచ్చింది. మీ డెవలపర్ ఖాతాను రద్దు చేశాం, గతంలో రద్దయిన ఇంకో ఖాతాతో దీనికి సంబంధం ఉంది, ఇక మీదట మీరు కొత్త ఖాతా తెరవడానికి వీల్లేదు. మొత్తం పది వాక్యాలు కూడా లేవు. కింద మనిషి పేరు లేదు, ఫోన్ నంబర్ లేదు.

నేను నల్లగొండలో ఉండి పన్నెండేళ్లుగా చిన్న వ్యాపారాలకు సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. ఎరువుల దుకాణాల ఉద్దెర ఖాతాలు, మిర్యాలగూడ రైస్ మిల్లుల తూకం చీటీలు, ఆ తర్వాత పాల కేంద్రాలు. 2023లో నల్లగొండలో ఐటీ హబ్, మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో ఐటీ టవర్ తెరిచాక నాలాగా ఒక్కరో ఇద్దరో కూర్చుని యాప్‌లు చేసేవాళ్లు ఈ వైపు ఎక్కువగా కనిపిస్తున్నారు. వాళ్లలో కొందరు ఈ సంగతి అడిగారు. టీ తాగినంత సేపట్లో అయ్యే ముచ్చట కాదు కాబట్టి ప్రతిసారీ సగమే చెప్పాను. పూర్తిగా ఇక్కడ రాస్తున్నాను.

ఏ స్టోరో రాయను. ఆండ్రాయిడ్ ఫోన్లకు యాప్‌లు ఇచ్చే స్టోర్లు ఒకటికి మించి ఉన్నాయి, ఇది ఎక్కడైనా జరగగలిగేదే. డెయిరీ పేరు, మనుషుల పేర్లు కూడా వదిలేస్తున్నాను.

యాప్ చేసే పని

పాల కేంద్రం లోపల జరిగేది కొంచెం చెప్పకపోతే మా టెన్షన్ ఎందుకో అర్థం కాదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి రైతులు పాలు పోయడానికి వస్తారు. శాంపిల్ తీసి మిషన్‌లో పెడితే వెన్న శాతం, ఎస్ఎన్ఎఫ్ చూపిస్తుంది. నీళ్లు, వెన్న తీసేస్తే పాలలో మిగిలే గట్టి పదార్థమే ఎస్ఎన్ఎఫ్. మా యాప్ మిషన్ నుంచి ఆ అంకెలను బ్లూటూత్‌తో తీసుకుని, తూకంతో కలిపి లెక్కకట్టి, చిన్న ప్రింటర్‌లో చీటీ కొడుతుంది. సిగ్నల్ ఉంటే వెంటనే, లేకపోతే దొరికినప్పుడు సర్వర్‌కు పంపుతుంది. అక్కడి నుంచి రైతుకు ఎస్ఎంఎస్ వెళ్తుంది. పదిహేను రోజులకోసారి బిల్లు. దాణా బాకీ, అడ్వాన్సు పట్టుకుని మిగతాది బ్యాంకులో వేస్తారు. ఇంట్లో బియ్యం, పిల్లల ఫీజు, ఫైనాన్స్ కిస్తీ అన్నీ ఆ తారీఖు మీదే ఆధారపడి ఉంటాయి.

అప్పటికి మా యాప్ వాడుతున్నవి 38 సెంటర్లు. చండూరు, మర్రిగూడ, నాంపల్లి, దేవరకొండ వైపు ఎక్కువ, కల్వకుర్తి వైపు కొన్ని. సెంటర్‌కు నెలకు 300 రూపాయలు డెయిరీ నేరుగా నా బ్యాంకు ఖాతాకు వేస్తుంది. యాప్ ఉచితం, లోపల కొనే సరుకేమీ లేదు. అంటే స్టోర్‌కు నా ఆదాయంలో ఒక్క రూపాయి వాటా కూడా పోదు. ఈ ముక్క గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

డెయిరీ అంతకుముందు వెన్న మీదే రేటు కట్టేది. కిలో వెన్నకు 800 అనుకుంటే 6 శాతం వెన్న ఉన్న కిలో పాలకు 48 రూపాయలు. ఎవరైనా వేళ్ల మీద వేసుకోగల లెక్క. ఆ నెల ఒకటో తారీఖు నుంచి టూ యాక్సిస్‌కు మారింది. వెన్నకు ఒక రేటు, ఎస్ఎన్ఎఫ్‌కు ఒక రేటు. వెన్న తక్కువుండే ఆవు పాలు పోసేవాళ్లకు ఇది మేలు. అందుకే వాళ్లే ముందుగా "ఏది కొత్త రేటు?" అని పట్టుకున్నారు.

నా తప్పుల్లో మొదటిది ఇక్కడే ఉంది. రేటు అంకెలు సర్వర్ నుంచే వస్తాయి గానీ, పట్టికలో ఒకటే వరుస ఉంటుందని కోడ్‌లో బిగించేశాను. రెండు వైపులా సాగే పట్టిక రావాలంటే యాప్ కొత్త వెర్షన్ కావాలి, అది స్టోర్ గుండానే పోవాలి. డెయిరీ నెల ముందే చెప్పింది. నేను పంపింది నెలాఖరు రాత్రి. స్టోర్ వాళ్ల తనిఖీలో (రివ్యూలో) ఉండగానే, మూడో తారీఖున ఖాతా పోయింది. పదిహేనున లెక్క మూయాలి, పద్దెనిమిదిన డబ్బులు పడాలి.

ఎందుకు పోయింది

రెండు రోజులు కోడ్ తవ్వాను. ఏ అనుమతి ఎక్కువ అడిగాను, ఏ లైబ్రరీలో తేడా ఉంది, ఎవరన్నా ఫిర్యాదు చేశారా. ఏమీ దొరకలేదు. మూడో రోజు సాయంత్రం మా దగ్గర పని నేర్చుకుంటున్న పాలమూరు కుర్రాడు వచ్చి కుర్చీ లాక్కోకుండా నిలబడ్డాడు. "అన్నా, ఒక మాట చెప్పాలె. తిట్టొద్దు" అన్నాడు.

డిగ్రీ రెండో సంవత్సరంలో హీరోల ఫొటోలతో ఒక వాల్‌పేపర్ యాప్ పెట్టాడట. కాపీరైట్ ఫిర్యాదు వచ్చి తీసేశారు. పేరు మార్చి మళ్లీ పెట్టాడు. మళ్లీ తీసేసి ఖాతానే రద్దు చేశారు. అప్పుడు వాడికి పంతొమ్మిదేళ్లు, ఆ సంగతే మర్చిపోయాడు. మా దగ్గరికి వచ్చాక టెస్ట్ వెర్షన్లు ఎక్కించే పని వాడికి ఇచ్చి, వాడి మెయిల్‌ను మా డెవలపర్ ఖాతాలో చేర్చింది నేనే. అదే మెయిల్. ఆఫీసులో ఉన్న ఒకే ల్యాప్‌టాప్‌లో దాంతోనే లాగిన్ కూడా అయ్యాడు.

తిట్టలేదు. తిట్టాలంటే ముందు నన్నే తిట్టుకోవాలి. బండి తాళం ఇచ్చే ముందు లైసెన్సు ఉందా అని అడుగుతాం కదా. "నీ పేరు మీద ఇంతకుముందు ఏదైనా ఖాతా పోయిందా" అని నేను ఏ ఒక్కరినీ అడగలేదు.

స్టోర్లు ఇలా ఎందుకు చేస్తాయో మన రాష్ట్రంలో ఉండి అర్థం కాకపోవడానికి లేదు. 2020 డిసెంబర్‌లో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు లోన్ యాప్‌ల కాల్ సెంటర్ల మీద పడ్డారు. అప్పు తీసుకున్నవాళ్ల ఫోన్‌లోని కాంటాక్టులన్నిటికీ ఫోన్లు చేసి పరువు తీసిన యాప్‌లవి, ప్రాణాలు తీసుకున్నవాళ్లూ ఉన్నారు. అలాంటి వాటిని తీసేస్తే పేరు మార్చి, ఖాతా మార్చి మళ్లీ వస్తాయి. వాటిని ఆపాలంటే మనుషుల్నీ మెయిళ్లనీ ఫోన్లనీ ఒకదానితో ఒకటి ముడిపెట్టి చూడక తప్పదు. ఏ ఆనవాలుతో పట్టుకున్నదీ స్టోర్ బయటపెట్టదు, పెడితే దొంగకు దారి చూపినట్టే. ఇంతవరకు ఒప్పుకుంటాను. ఒప్పుకోనిది ఒకటే. లోన్ యాప్ దొంగకూ, పంతొమ్మిదేళ్లప్పుడు ఫొటోలు ఎత్తుకొచ్చి పెట్టిన పిల్లవాడికీ, వాడికి పని ఇచ్చిన నాకూ శిక్ష ఒకటే, గడువు ఒకటే: ఎప్పటికీ.

సంతకం ఎవరి చేతిలో ఉంది

ఖాతా రద్దయితే ఫోన్లలో ఇప్పటికే ఉన్న యాప్ మాయం కాదు. నడుస్తూనే ఉంటుంది, అప్‌డేట్ మాత్రం రాదు. కాబట్టి పాలు పోయడం ఒక్కరోజు కూడా ఆగలేదు, తప్పు రేటు పడుతూ పోయింది. కొత్త రేటు సెంటర్లకు చేర్చే దారి వెతకాలి.

ముందుగా బ్రౌజర్‌లో తెరుచుకునే పేజీ చేశాను, ఒకటిన్నర రోజులో అయిపోయింది. కానీ అప్పటికి బ్రౌజర్‌కు అందేది కొత్త రకం బ్లూటూత్ మాత్రమే. మా సెంటర్లలోని మిషన్లు చాలావరకు పాత రకంవి. వెన్న, ఎస్ఎన్ఎఫ్ చేత్తో కొట్టాలి. 4.1 కొట్టబోయి 41 కొట్టినవాళ్లు ఉన్నారు, పేజీ దాన్ని ఆపింది. 4.1 బదులు 4.7 కొడితే ఆపేదెవరు? పైగా అంకెలు చేత్తో కొడుతున్నారని తెలిస్తే రైతుకు అనుమానం. మిషన్ చూపిందే చీటీ మీద పడుతుందన్న నమ్మకం రావడానికి మాకు రెండేళ్లు పట్టింది. నాలుగు సెంటర్లలో చూసి దాన్ని ఆపేశాను.

ఇక మిగిలింది యాప్ ఫైల్‌ను, అంటే ఏపీకేని నేరుగా ఇవ్వడం. ఎస్ఎంఎస్‌లో లింక్ పంపుదామంటే అది కుదరలేదు. 2024 అక్టోబర్ 1 నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన ప్రకారం ముందుగా నమోదు చేయని లింకులు, ఏపీకేలు ఉన్న వాణిజ్య ఎస్ఎంఎస్‌లను టెలికాం కంపెనీలు దాటనివ్వవు. రైతులకు వెళ్లే మా పాల ఎస్ఎంఎస్ నమూనాలో లింకే లేదు, కాబట్టి ఆ నమోదు ఎప్పుడూ చేసుకోలేదు.

వాట్సాప్‌లో పంపవచ్చు. డెయిరీ సూపర్‌వైజర్లు అదే అన్నారు, "గ్రూపుల పడేస్తే అయిపోతది సార్". నేను ఒప్పుకోలేదు. పీఎం కిసాన్ అనో, ట్రాఫిక్ చలాన్ అనో, బ్యాంకు కేవైసీ అనో ఏపీకే ఫైళ్లు పంపి ఖాతాలు ఊడ్చేసే మోసాలు ఊళ్లకు పాకాయి. తెలియని ఏపీకే నొక్కొద్దని పోలీసులు చెబుతూనే ఉన్నారు, పోగొట్టుకుంటే 1930కి ఫోన్ చేయమంటున్నారు. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకేని నొక్కమని 38 మందికి నేనే అలవాటు చేస్తే, రేపు వాళ్లను దోచేవాడికి సగం పని నేను చేసిపెట్టినట్టు. పాల డబ్బులు పడే ఖాతా, ఆ ఫోన్ నంబర్ ఒక్కచోటే ఉంటాయి మరి.

చండూరు దగ్గర ఒక సెంటర్‌లో ఇదే ఎదురైంది. ఫైల్ ఎక్కిస్తుంటే ఫోన్ ఎర్రగా హెచ్చరిక చూపింది. పక్కనే ఉన్న ఇంటర్ చదివే కొడుకు ఫోన్ లాక్కున్నాడు. "మా కాలేజీల పోలీసులొచ్చి చెప్పిన్రు, గిట్లాంటివి ఎక్కియ్యొద్దని." ఆ పిల్లవాడిది తప్పని నేను ఎలా అనగలను? నా ఫైల్‌కూ దొంగ ఫైల్‌కూ ఆ ఫోన్‌లో కనిపించే తేడా ఏమీ లేదు. అప్పటిదాకా ఆ తేడా చూపించింది స్టోర్. నేను దాన్ని సరుకు పెట్టుకునే జాగా అనుకున్నాను. అది పూచీకత్తు. పన్నెండేళ్ల నా పేరు నల్లగొండలో చెల్లుతుంది, ఆ ఫోన్ తెర మీద చెల్లదు.

సరే, చేత్తోనే ఎక్కిద్దాం అనుకున్నాం. నేను, కుర్రాడు, ఇద్దరు సూపర్‌వైజర్లు, మూడు బండ్లు. సెంటర్‌కు పోవాలి, మా చేత్తో ఎక్కించాలి, వెంటనే బయటి యాప్‌ల అనుమతి సెట్టింగ్‌లో మూసేసి రావాలి. లెక్కకు మూడు రోజుల పని. ఆరు రోజులు పట్టింది, కారణం సంతకం.

ప్రతి ఆండ్రాయిడ్ యాప్ మీద తయారుచేసినవాడి డిజిటల్ సంతకం ఉంటుంది. పాత యాప్ మీద కొత్తది ఎక్కాలంటే రెండింటి సంతకం ఒకటే కావాలి. నేను మొదట్లో సౌకర్యం కోసం సంతకం తాళాన్ని స్టోర్‌నే తయారుచేసి ఉంచుకోమన్నాను. తాళం పోగొట్టుకుంటామన్న భయం ఉండదు, అదొక సదుపాయం. సొంతంగా చేసుకున్న తాళాన్ని ఇచ్చి కాపీ మన దగ్గర ఉంచుకునే వీలు ఉన్నా నేను చదవలేదు. ఇప్పుడు ఖాతా పోయింది, తాళం అటే పోయింది. నేను కొత్త సంతకంతో చేసిన ఏపీకే పాత యాప్ మీద ఎక్కదు. పాతది తీసేసి కొత్తది పెట్టాలి. పాతది తీసేస్తే, సర్వర్‌కు ఇంకా చేరని లెక్కలు దానితో పాటే పోతాయి.

పోయిన మూడు రోజులు

ఈ భాగం రాయడం నాకు ఇష్టం లేదు, కానీ అసలు నష్టం ఇక్కడే జరిగింది.

దేవరకొండ దాటి నల్లమల వైపు పోయే దారిలో మాకొక సెంటర్ ఉంది. సిగ్నల్ గుట్ట ఎక్కితేనే. అక్కడ నడిపే ఆమె రెండు మూడు రోజులకోసారి దేవరకొండ వచ్చినప్పుడు లెక్కలు సర్వర్‌కు చేరతాయి. ఇది నాకు తెలుసు. ఆరో తారీఖు రాత్రి అలిసిపోయి, సెంటర్లన్నిటికీ ఒక వాయిస్ మెసేజ్ పెట్టాను: "రేపు ఎల్లుండిల మేం వస్తం. పాత యాప్ తీసేసి కొత్తది పెడ్తం. అంతకుముందు ఒకసారి సింక్ నొక్కుండ్రి." సింక్ అంటే ఫోన్‌లోని లెక్కలను సర్వర్‌కు పంపే బటన్. నా మనసులో ఉన్న వరుస: సింక్ మొదట, తీసేయడం తర్వాత, అదీ మేమొచ్చాక. నోటి నుంచి వచ్చిన వరుస అది కాదు. ఆమె గుట్ట ఎక్కి మెసేజ్ విన్నది. మాకు పని తగ్గుతుందని మంచితనంతో పాత యాప్ తీసేసింది. తర్వాత సింక్ కోసం వెతికితే యాపే లేదు.

మూడు రోజులు, ఆరు పూటల పాలు. సర్వర్‌కు చేరలేదు కాబట్టి రైతులకు ఎస్ఎంఎస్‌లూ పోలేదు. మేం వెళ్లేసరికి ఆమె గడప మీద కూర్చుని ఉంది. "నాదే తప్పు సారూ, జీతంల పట్టుకోండి" అంది. ఆమె తప్పేమీ లేదని నాలుగుసార్లు చెప్పాల్సి వచ్చింది.

కాపాడింది కాగితం. ఆమె అత్త పాత కాలం మనిషి, ఫోన్‌ను నమ్మదు. యాప్ వచ్చాక కూడా పూటపూటకూ ఒక రూళ్ల నోటుబుక్కులో రైతు నంబరు, లీటర్లు రాసిపెడుతోంది. వెన్న అంకెలు అందులో లేవు. వాటి కోసం ఇల్లిల్లూ తిరిగాం. ప్రింటర్ చీటీలు కొందరు గూట్లో పెట్టారు, కొందరు పాల కార్డులో మడిచిపెట్టారు, ఎండ తగిలిన చీటీల మీద అక్షరం లేదు. ఆ రకం కాగితం వేడికి మాసిపోతుందని నాకు తెలిసే చవకదని కొనిపించాను. చీటీ దొరకని పూటలకు ఆ రైతు ముందటి పది రోజుల సగటు వేశాం. అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించాం. ఇద్దరు ఎక్కువుందని వాళ్లే తగ్గించుకున్నారు, ఒకాయన తక్కువుందన్నాడు, ఆయన మాటే రాసుకున్నాం. తేడా వచ్చిన డబ్బు నేను పెట్టుకున్నాను. నా లెక్కలో అదొక్కటే న్యాయమైన ఖర్చు.

ఒకటి నుంచి పడిన పాత రేట్లను సర్వర్‌లో కొత్త పట్టికతో మళ్లీ లెక్కకట్టడం పెద్ద పని కాలేదు. వెన్న, ఎస్ఎన్ఎఫ్, తూకం విడివిడిగా దాచుకున్నాం కాబట్టి ఒక రాత్రి పట్టింది. పద్దెనిమిదిన పడాల్సిన బిల్లు పంతొమ్మిదిన పడింది.

అప్పీలు

మెయిల్ వచ్చిన రాత్రే అప్పీలు పెట్టాను. రెండు రోజులకు జవాబు వచ్చింది: పరిశీలించాం, నిర్ణయం మారదు. మొదటి మెయిల్‌లోని వాక్యాలే మళ్లీ. కుర్రాడు నిజం చెప్పాక అన్నీ వివరించి రెండోసారి రాశాను. దానికి జవాబు లేదు. మన ఐటీ రూల్స్ 2021 ప్రకారం ఇలాంటి మధ్యవర్తి సంస్థలకు ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి, ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలి, అప్పటి నిబంధన ప్రకారం 15 రోజుల్లో తేల్చాలి. ఆ చిరునామాకూ రాశాను. అందిందని మాత్రం వచ్చింది.

ఎదురుచూస్తూ ఈ పోరాటాల చరిత్రంతా చదివాను. 2020 ఆగస్టులో ఎపిక్ గేమ్స్ తన ఫోర్ట్‌నైట్ ఆటలో సొంత చెల్లింపు దారి పెట్టి యాపిల్‌తో, గూగుల్‌తో కోర్టుకెక్కింది. 2021లో యాపిల్, గూగుల్ చిన్న డెవలపర్లకు పది లక్షల డాలర్ల వరకు యాప్ అమ్మకాల్లో తమ వాటాను 30 నుంచి 15 శాతానికి తగ్గించాయి. మార్కెట్‌లో పోటీని కాపాడే మన సీసీఐ 2022 అక్టోబర్‌లో గూగుల్‌కు రెండు జరిమానాలు వేసింది, ఆండ్రాయిడ్ విషయంలో 1,337.76 కోట్లు, ప్లే స్టోర్ బిల్లింగ్ విషయంలో 936.44 కోట్లు. మొదటిదాన్ని అప్పీళ్లు వినే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్ఏటీ 2023 మార్చిలో నిలబెట్టింది గానీ, బయటి నుంచి యాప్‌లు ఎక్కించుకోవడానికి అడ్డుపడొద్దన్న ఆదేశాన్ని కొట్టేసింది. రెండోదాన్ని 2025 మార్చిలో 216.69 కోట్లకు తగ్గించింది. 2024 మార్చి 1న ఫీజు గొడవలో భారత్ మ్యాట్రిమొనీ, నౌక్రి, కుకు ఎఫ్ఎం లాంటివి ప్లే స్టోర్ నుంచి పోయాయి. కేంద్ర మంత్రి కలగజేసుకున్నాక కొద్ది రోజుల్లోనే తిరిగొచ్చాయి.

చదివాక నాకు తోచింది ఇది. కొట్లాట అంతా వాటా మీద. పదిహేనా, ముప్పయ్యా, ఎవరి చెల్లింపు గేటు. నా దగ్గర ఆ వాటా సున్నా. అయినా ఆ ఆరు రోజులు నేను ఎవరికన్నా ఎక్కువ వాళ్ల చేతిలో ఉన్నాను. మా బోటివాళ్లకు కమీషన్ సమస్య కాదు, నోటీసు సమస్య. యూరప్‌లో 2020 జులై నుంచి అమల్లో ఉన్న నిబంధన ఒకటుంది. వ్యాపారి ఖాతాను పూర్తిగా మూసేయాలంటే ప్లాట్‌ఫామ్ 30 రోజుల ముందు కారణం రాసి ఇవ్వాలి, ఫిర్యాదు వినే ఏర్పాటు ఉండాలి. మోసం లాంటివాటికి మినహాయింపులున్నాయి. నాకు ఆ 30 రోజులు దొరికితే రెండు బిల్లులు మామూలుగా పడేవి, ఆ నల్లమల ఆమె గడప మీద కూర్చునేది కాదు. మన దగ్గర 2024 మార్చిలో పెద్ద డిజిటల్ కంపెనీలను కట్టడి చేసే డిజిటల్ కాంపిటిషన్ బిల్లు ముసాయిదా వచ్చింది. దాన్ని ఈ కళ్లతో చదివితే అందులో పెద్దవాళ్లకూ పెద్దవాళ్లకూ మధ్య గొడవే ఎక్కువ కనిపించింది.

వేరే స్టోర్‌కు పోవచ్చు కదా అని ఐటీ హబ్‌లో ఒకాయన అన్నాడు. 2024 ఫిబ్రవరిలో ఫోన్‌పే వాళ్లు ఇండస్ యాప్‌స్టోర్ తెచ్చారు, తెలుగులోనూ ఉంది, మంచిదే. కానీ మా సెంటర్లలోని ఫోన్లలో ముందు ఆ స్టోర్‌నే బయటి నుంచి ఎక్కించాలి. చండూరు పిల్లవాడు మళ్లీ ఫోన్ లాక్కుంటాడు.

ఆ తర్వాత

రెండు నెలలకు డెయిరీ తన పేరు మీద సంస్థ ఖాతా తెరిచింది. దానికి డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ ఇచ్చే తొమ్మిది అంకెల డన్స్ నంబర్ కావాల్సి వచ్చింది. రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఊరి పేరు స్పెల్లింగ్ ఒకచోట ఒకలా ఉంటే మూడు వారాలు దానికే పోయాయి. యాప్ హక్కులు డెయిరీకి రాసిచ్చాను. పాత యాప్ గుర్తింపు పేరు మళ్లీ వాడనివ్వరు కాబట్టి స్టోర్ లెక్కలో అది కొత్త యాప్, సున్నా డౌన్‌లోడ్లు, సున్నా రేటింగులు. ఎక్కించేది డెయిరీ కంప్యూటర్ ఆపరేటర్, వాళ్ల మెషిన్ నుంచి, వాళ్ల మెయిల్‌తో. నేను కోడ్ ఇచ్చి పక్కకు జరుగుతాను.

ఇది దొడ్డిదారి కాదా అని నన్ను నేను ప్రశ్నించుకున్నాను. రద్దయినవాడు ఇంకో పేరుతో రావడమే కదా వాళ్లు ఆపాలనుకునేది. వకీలును అడిగితే, సొత్తు నిజంగా డెయిరీది అయితే తప్పు లేదన్నాడు. అందుకే ఉత్తుత్తి కాగితం కాకుండా నిజంగానే రాసిచ్చాను. దానికి ధర ఉంది. రేపు డెయిరీ ఇంకొకరిని పెట్టుకుంటే నాకు అడిగే హక్కు లేదు. వేరే డెయిరీకి ఇదే యాప్ అమ్ముకునే దారి కూడా మూసుకుపోయింది. స్టోర్‌కు ఖాతా పోగొట్టుకున్నాను, డెయిరీకి యాప్ ఇచ్చుకున్నాను. మిగిలింది పని తెలిసిన చేయి.

కొత్తగా ఒప్పుకునే పనుల్లో ఖాతా మొదటి రోజు నుంచే కొన్నవాళ్ల పేరు మీద పెట్టిస్తున్నాను. సంతకం తాళం నేనే చేసి, ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో వాళ్ల బీరువాలో, ఒకటి నా దగ్గర. లెక్క నియమాలన్నీ సర్వర్‌లో, యాప్‌లో కాదు. నల్లమల సెంటర్‌లో రూళ్ల నోటుబుక్కులు డెయిరీయే కొనిస్తోంది, వెన్న గడి కూడా గీయించాం. అత్త రాస్తోంది. 2025 ఆగస్టులో గూగుల్ ఇంకో మాట చెప్పింది. స్టోర్ బయట ఇచ్చే యాప్‌లకూ తయారుచేసినవాళ్ల గుర్తింపు తనిఖీ ఉంటుందని, 2026 సెప్టెంబర్‌లో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయిలాండ్‌లతో మొదలుపెడతామని. అనుభవం ఉన్నవాళ్లకు వేరే దారి ఉంచుతామని తర్వాత అన్నది. ఏపీకే మోసాలు చూసినవాడిగా నాకు అది సబబే అనిపిస్తుంది. ఖాతా పోయినవాడిగా మాత్రం బండి మీద పోయి చేత్తో ఎక్కించిన ఆ ఆరు రోజుల దారి కూడా ఒకరోజు మూసుకుంటుందేమో అనిపిస్తుంది.

పాలమూరు కుర్రాడు ఇప్పటికీ మా దగ్గరే ఉన్నాడు. వేరే ల్యాప్‌టాప్ కొనిచ్చాను. ఇప్పుడు నాకంటే బాగా రాస్తాడు. మొన్న ఆదివారం కోయిలకొండ దగ్గర వాళ్ల మేనమామ గొర్రెల మంద కోసం టీకాల తారీఖులు గుర్తుచేసే చిన్న యాప్ చేశాడు. చూపించాడు, బాగుంది. "ఎవరి పేరు మీద పెడ్తవ్ రా?" అని అడిగాను. ఫోన్ జేబులో పెట్టుకుని, "మామ ఫోన్ల ఒక్కటే ఎక్కించిన అన్నా, గదే చాలు" అన్నాడు.